పోలీసు జట్టుకి అందని కప్పు

శివరాత్రి దాటేదాకా గోదారి గట్టున చలి వదలదర్రా. ఆ కొబ్బరి డొక్కలు ఇంకో రెండు మంటలోకి తొయ్యండి. మీ మ్యాచ్ రాత్రి ఒంటిగంటన్నరకి గదా, అప్పటిదాకా ఆ ఫోన్లు జేబుల్లో పెట్టుకుని ఇటు జరగండి. మీ యూరప్ పోటీలో నాకౌట్ రౌండ్లు మొదలయ్యాయని పొద్దుట్నించీ ఒకటే హడావిడి. ఆ నాకౌట్ కథ మన తెలుగు గడ్డ మీదకి ఎంత దగ్గరగా వచ్చి, ఎట్లా పక్కకి తప్పుకుపోయిందో మీకెవరూ చెప్పి ఉండరు. నేను చెప్తాను.

ఫైనల్ అందరూ చూస్తారు. నాకు మాత్రం మొదటి రౌండ్లంటేనే ఇష్టం. అక్కడ పెద్ద పేరున్నవాడూ, ఊరూపేరూ లేనివాడూ ఒకే గుమ్మంలో నిలబడతారు. రియల్ మాడ్రిడ్ అంటే మీరు ప్రాణం పెడతారు గదా. యూరప్ కప్పు 1955లో పదహారు క్లబ్బులతో మొదలైంది. మొదటి రౌండులో స్విట్జర్లాండ్ క్లబ్బు సెర్వెట్ మీద మాడ్రిడ్ తేలిగ్గానే బయటపడింది. రెండో రౌండులో బెల్‌గ్రేడ్ వాళ్ళ పార్టిజాన్ తగిలింది. సొంత ఊళ్ళో, సరిగ్గా క్రిస్మస్ నాడు, 4-0తో గెలిచారు. ఇంకేం, అయిపోయిందనుకున్నారు. జనవరి నెలాఖరుకి బెల్‌గ్రేడ్ వెళ్తే మైదానం నిండా మంచు. అక్కడ 0-3తో ఓడారు. రెండు మ్యాచులూ కలిపితే 4-3. ఇంకొక్క గోలు పడుంటే ఆ ఏడాది కప్పూ, ఆ తరవాత వరసగా వచ్చిన నాలుగు కప్పులూ ఏమయ్యేవో!

ఆ పోటీ పుట్టడానికి ఒక పంతం కారణం. 1954 డిసెంబరులో ఇంగ్లండు క్లబ్బు వుల్వ్స్ హంగరీ క్లబ్బు హోన్వెడ్‌ని 3-2తో ఓడిస్తే, లండన్ పత్రికలు తమవాళ్ళే ప్రపంచ విజేతలన్నాయి. పారిస్‌లో లెకిప్ అనే ఆటల పత్రిక ఉంది. దాని సంపాదకుడు గాబ్రియేల్ హనో ఆ మాట ఒప్పుకోలేదు. ఒకచోట గెలిస్తే సరిపోదు, సొంత ఊళ్ళో ఒకటి, ఎదుటివాడి ఊళ్ళో ఒకటి ఆడి తేల్చుకోవాలన్నాడు. ఏడాది తిరక్కుండానే పోటీ మొదలైపోయింది.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. సరిగ్గా ఆ రోజుల్లోనే హైదరాబాదులో ఒక జట్టుంది. పేరు హైదరాబాద్ సిటీ పోలీస్. దాన్ని నడిపిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తికి బడిపంతులు. ఆయన పిల్లలకి పోటీలు పెట్టేవాడు, కొన్నిట్లో బంతిని కాలి దగ్గర అట్టేపెట్టుకుని ఉరకకూడదు, కొన్నిట్లో రాని కాలితోనే తన్నాలి. అదంతా వినోదం కోసం కాదర్రా. పాసు ఇవ్వడం అలవాటు కావాలని, రెండు కాళ్ళూ సమానంగా పనిచెయ్యాలని.

ఆ సిటీ పోలీసు జట్టు బొంబాయి రోవర్స్ కప్పుని 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు గెలిచింది. అదీ నాకౌట్ పోటీయే. అయిదేళ్ళపాటు ప్రతి రౌండులోనూ, ప్రతి మ్యాచులోనూ ఓడకుండా నిలవాలి. స్వాతంత్య్రం వచ్చాక ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు 1950లో మళ్ళీ మొదలైతే, ఫైనల్లో కలకత్తా క్లబ్బు మోహన్ బగాన్‌ని ఓడించి అదీ పట్టుకొచ్చింది. ఆ తరవాత ఇంకో మూడుసార్లు డ్యూరాండ్ గెలిచారు. చివరిసారి 1961లో, ఆంధ్రప్రదేశ్ పోలీస్ అనే పేరుతో.

చూడండి, మాడ్రిడ్ వాళ్ళవి వరసగా అయిదు, మన పోలీసులవీ వరసగా అయిదు. మాడ్రిడ్ తన అయిదూ ఖండమంతటి మీద గెలిచింది. మన వాళ్ళకి ఖండం మీద ఆడే పోటీయే లేదు. సిటీ పోలీసు జట్టు మంచి ఊపు మీదున్న రోజుల్లో ఆసియాలో క్లబ్బులకి కప్పనేది ఎవరి ఊహలోనూ లేదు. నా బాధంతా అక్కడే ఉంది. ఆ జట్టు టెహ్రాన్ మీదో, సియోల్ మీదో ఇంటా బయటా రెండు మ్యాచులు ఆడుంటే ఎట్లా ఉండేదో చూసే భాగ్యం మా తరానికి లేకపోయింది.

"మరి వాళ్ళు బయటి దేశాల మీద ఆడలేదా తాతయ్యా?" అంటావా. ఆడారమ్మా, దేశం జట్టుగా ఆడారు. అది కూడా నాకౌట్ కథే, విను.

1956లో ఒలింపిక్స్ మెల్‌బోర్న్‌లో జరిగాయి. మన జట్టుకి కోచ్ రహీం. జట్టులో హైదరాబాదు వాళ్ళు చాలామంది. మొదటి రౌండులో మనకి పడింది హంగరీ. నాలుగేళ్ళ కిందట హెల్సింకీలో బంగారు పతకం కొట్టిన దేశం. 1956 శరదృతువులో బుడాపెస్ట్‌లో జనం తిరగబడ్డారు. నవంబరు 4న రష్యా ట్యాంకులు ఊళ్ళోకి దిగాయి. హంగరీ ఫుట్‌బాల్ జట్టు మెల్‌బోర్న్‌కి రాలేదు. మనకి ఆడకుండానే రెండో రౌండు దొరికింది. అక్కడ మనవాళ్ళు ఆస్ట్రేలియాని వాళ్ళ గడ్డ మీదే 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు కొట్టాడు. ఒలింపిక్స్ సెమీఫైనల్‌కి వెళ్ళిన మొదటి ఆసియా జట్టు మనదే. యుగోస్లావియా మీద ఓడాం, కంచు పతకం మ్యాచులో బల్గేరియా మీద ఓడాం, నాలుగో స్థానంలో నిలిచాం.

అదే నెలల్లో యూరప్‌లో ఏం జరిగిందనుకున్నారు? ఇందాక చెప్పిన హోన్వెడ్ ఉంది చూశారూ, పుష్కాష్, కోచిష్, చిబోర్ ఆడిన జట్టు, యూరప్ కప్పులో స్పెయిన్ క్లబ్బు అథ్లెటిక్ బిల్బావోతో ఆడాలి. బిల్బావోలో 3-2తో ఓడారు. రెండోది బుడాపెస్ట్‌లో జరగాలి, కానీ బుడాపెస్ట్‌లో ట్యాంకులున్నాయి. దాంతో డిసెంబరులో బ్రస్సెల్స్‌లో ఆడారు. సొంత మ్యాచు పరాయి దేశంలో. మధ్యలో వాళ్ళ గోల్‌కీపర్‌కి దెబ్బ తగిలింది. అప్పట్లో ఒకళ్ళు పడితే బదులు ఇంకొకళ్ళని దింపే పద్ధతి లేదు. గోళ్ళు కొట్టాల్సిన చిబోర్ వెళ్ళి గోల్ కాపలాకి నిలబడ్డాడు. అంత జరిగినా 3-3 చేశారు. రెండూ కలిపి 6-5తో బిల్బావో గట్టెక్కింది. పుష్కాష్, కోచిష్, చిబోర్ అప్పుడు సొంత దేశం తిరిగి వెళ్ళలేదు. అట్లా చెదిరిపోయింది ఆ జట్టు.

ఒకే ఊళ్ళో రేగిన మంట అటు ఒక గొప్ప జట్టుని మొదటి రౌండులోనే మింగేసింది, ఇటు మెల్‌బోర్న్‌లో మన రహీం జట్టుకి దారి వదిలింది. ఇది ఖరగ్‌పూర్ రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో పాత పత్రికలు తిరగేస్తుంటే నాకు అర్థమైంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన గెలుపు మనదే, దాన్ని తక్కువ చెయ్యను. ఆస్ట్రేలియా మీద కొట్టిన నాలుగు గోళ్ళూ ఎవరూ దానం ఇచ్చినవి కావు. కానీ ఆ ఏడాది హంగరీ పడ్డ కష్టాన్ని తలుచుకోకుండా మెల్‌బోర్న్ కథ చెప్పకూడదని నా నియమం.

ఖరగ్‌పూర్ అన్నాను గదా. ఇప్పటి పిల్లలకి తెలీదు గానీ, ఆ ఊళ్ళో సగం వీధుల్లో తెలుగే వినపడేది. రైల్వే వర్క్‌షాపులో పని కోసం శ్రీకాకుళం, విశాఖ, మన గోదారి జిల్లాల నుంచి మనుషులు వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు. మా మేనమామ ముందు వెళ్ళాడు, తరవాత నన్ను పిలిపించాడు. ఇక్కడ కొవ్వూరు స్టేషన్లో మెయిలెక్కితే పాత హేవ్‌లాక్ వంతెన మీద గోదారి దాటి, మర్నాటికి అక్కడ దిగడం. అప్పటికి రోడ్డు వంతెన లేదర్రా, అది 1974లో వచ్చింది. రాజమండ్రి పోవాలన్నా లాంచీయో రైలో. హైదరాబాదు నుంచి కలకత్తా మైదానానికి ఆడబోయిన కుర్రాళ్ళకీ దగ్గర దారి ఇదే, బెజవాడ మీదుగా వచ్చి మన ఊరు దాటుకుంటూ పోవడం.

అప్పటికి కలకత్తా క్లబ్బులు మంచి ఆటగాడు ఎక్కడున్నా పట్టుకుపోయేవి. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోలు కొట్టాడు, పెరూ మీద కొట్టాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో కొరియాని 2-1తో ఓడించి బంగారం తెచ్చిన రహీం జట్టులోనూ ఉన్నాడు. ఆఖర్న మా బి.ఎన్.ఆర్. జట్టుకి వచ్చాడు. బెంగాల్ నాగపూర్ రైల్వే అనే పేరు రైల్వేకి పోయినా, జట్టుకి మాత్రం అట్లాగే ఉండిపోయింది. పాతికేళ్ళు దాటి ఎంతో కాలం కాకుండానే జబ్బు చేసి ఆట మానేశాడు. నేను ఖరగ్‌పూర్ వెళ్ళేసరికి ఆయన ఆట అయిపోయింది. మావాళ్ళు ఆయన గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించి చెప్పేవాళ్ళు.

బి.ఎన్.ఆర్.లోనే అప్పలరాజు అని ఫార్వర్డ్ ఉండేవాడు. ఆ పేరు వింటే చాలు, మా క్వార్టర్స్‌లో అందరి మొహాలూ వెలిగిపోయేవి. 1964 ఆసియా కప్పులో దక్షిణ కొరియా మీద మ్యాచు మొదలైన రెండో నిమిషంలోనే గోలు కొట్టింది ఆయనే. మన దేశం ఆ కప్పులో రెండో స్థానంలో నిలిచింది.

ఇక క్లబ్బుల ఆసియా కప్పు. అది మొదలయ్యేసరికి 1967 అయింది. అప్పటికి రహీం లేడు. జకార్తా బంగారం తరవాత తొమ్మిది నెలలకి, 1963 జూన్ 11న, క్యాన్సర్‌తో పోయాడు. పోలీసు జట్టు ఊపూ తగ్గింది. మొదటి పోటీకి మన దేశం నుంచి ఎవరూ వెళ్ళలేదు. 1969లో బ్యాంకాక్‌కి పంపారు, కానీ ఎవర్ని? క్లబ్బుని కాదు. సంతోష్ ట్రోఫీ గెలిచిన రాష్ట్రాన్ని, మైసూరుని. 1970లో టెహ్రాన్‌కి బెంగాల్ వెళ్ళింది, 1971లో బ్యాంకాక్‌కి పంజాబ్ వెళ్ళింది. ముగ్గురూ సెమీఫైనల్ దాకా వెళ్ళి నాలుగో స్థానంతో తిరిగొచ్చారు.

మన ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది 1965-66లో. అంతకుముందు 1956, 57ల్లో హైదరాబాద్ గెలిచింది. మనం గెలిచినప్పుడు ఆసియా పోటీ లేదు. పోటీ వచ్చాక మనం గెలవలేదు. ఇది ఎవరి తప్పూ కాదు, కాలం అట్లా కుదిరింది. అయినా బాధ బాధే.

ఇంకో సంగతి. 1971 ఫైనల్‌కి బాగ్దాద్ నుంచి వచ్చిన జట్టు ఏంటో తెలుసా? పోలీసు జట్టు. అల్ షుర్తా అంటే పోలీసనే. ఇజ్రాయెల్ క్లబ్బుతో ఆడమని వాళ్ళు రాజకీయ కారణంగా నిరాకరించడంతో, ఆడకుండానే కప్పు మక్కాబీ టెల్ అవీవ్‌కి పోయింది. ఆ వార్త చదివినప్పుడు నాకు మన పోలీసు జట్టే కళ్ళముందు మెదిలింది. ఒక ఊరి పోలీసులు ఆసియా ఫైనల్ దాకా రాగలరని బాగ్దాద్ చూపించింది. ఇరవయ్యేళ్ళ ముందు ఆ పని చెయ్యగల పోలీసులు హైదరాబాదులో ఉండేవాళ్ళు. ఆ తరవాత పోటీయే ఆగిపోయింది, మళ్ళీ 1985లో గానీ మొదలుకాలేదు.

మరి ఆ మధ్య కాలంలో విదేశీ క్లబ్బుల్ని చూసే భాగ్యం కలకత్తాలో ఐ.ఎఫ్.ఏ. షీల్డు పుణ్యమా అని దొరికింది. 1970 ఏప్రిల్లో ఆసియా కప్పు గెలిచింది టెహ్రాన్ వాళ్ళ తాజ్ క్లబ్బు. సెప్టెంబరులో టెహ్రాన్ నుంచే ఇంకో క్లబ్బు, పాస్, షీల్డు ఆడటానికి వచ్చింది. ఈడెన్ గార్డెన్స్‌లో ఫైనల్. ఎదురుగా ఈస్ట్ బెంగాల్. ఆ ఏడాది ఆ జట్టులో మన హైదరాబాదు కుర్రాడు మహమ్మద్ హబీబ్ ఉన్నాడు. చివర్లో పరిమళ్ డే బదులు ఆటగాడిగా దిగి గోలు కొట్టాడు. 1-0. ఆ రాత్రి కలకత్తాలో మనిషన్నవాడు ఇంట్లో లేడు.

ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఆ అభిమానుల ఇళ్ళల్లో ఇలిష్ చేప వండాలి. మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు. ఇలిష్ అంటే ఏంటనుకున్నారు, వరద నీటికి ఎదురీదుతూ గోదారిలోకి వస్తే మనం పులస అంటామే, అదే. హబీబ్ ఆడిన రోజు ఇలిష్ తింటుంటే నాకు కొవ్వూరు రేవూ, మా అమ్మ పులుసు దాకా గుర్తొచ్చి కడుపు నిండిపోయేది.

హబీబ్‌ని బడే మియా అనేవాళ్ళు. తమ్ముడు అక్బర్ ఛోటే మియా. మనిషి పొట్టి, ఒళ్ళు సన్నం, కానీ బంతి కోసం ఎంత పెద్దవాడి మీదికైనా పోయేవాడు. బ్యాంకుల వాళ్ళు, రైల్వే వాళ్ళు ఉద్యోగాలు ఇస్తామంటే వద్దన్నాడు. ఆటే నా ఉద్యోగం అని బతికిన మనిషి. ఆ రోజుల్లో అట్లా అనడానికి ఎంత గుండె కావాలో, రైల్వే ఉద్యోగం పోతుందేమో అని ముప్పై ఏళ్ళు భయపడుతూ బతికిన మాలాంటి వాళ్ళకి తెలుసు. 1970 చివర్లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కంచు పతకం తెచ్చిన జట్టుకి కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్. ఆయనదీ హైదరాబాదే. హబీబూ ఆ జట్టులోనే ఉన్నాడు.

అక్బర్ 1976 కలకత్తా లీగులో మోహన్ బగాన్ తరఫున ఈస్ట్ బెంగాల్ మీద ఆట మొదలైన 17 సెకన్లకే గోలు కొట్టాడు. జనం ఇంకా సర్దుకుని కూచోనే లేదు. మరుసటి ఏడాది, 1977 సెప్టెంబరు 24న, పీలే కాస్మోస్ జట్టుతో ఈడెన్‌కి వచ్చాడు. వాన పడి మైదానమంతా బురద. మోహన్ బగాన్ 2-2 చేసింది. మన జట్టుకి ఒక గోలు శ్యాం థాపా కొట్టాడు, రెండోది హబీబ్. పీలే ఆడిన మైదానంలో మన హైదరాబాదు మనిషి గోలు కొట్టాడర్రా! మా క్వార్టర్స్‌లో ఆ రాత్రి బెంగాలీలూ, తెలుగువాళ్ళూ అని తేడా లేకుండా మిఠాయిలు పంచుకున్నారు.

1985లో ఆసియా క్లబ్ పోటీ మళ్ళీ తెరిచాక ఈస్ట్ బెంగాల్ కొలంబో వెళ్ళి మధ్య ఆసియా మండలం గెలిచింది. 1993లో ఆసియా కప్ విన్నర్స్ పోటీ తొలి రౌండ్లలో బాగ్దాద్ క్లబ్బు అల్ జవ్రాని కలకత్తాలో 6-2తో చిత్తు చేసింది. బెంగళూరు కుర్రాడు కార్ల్‌టన్ చాప్‌మన్ మూడు గోళ్ళు. తొలి రౌండంటే నాకెందుకు ఇష్టమో ఆ మ్యాచు చూస్తే తెలుస్తుంది. ఇరాక్ క్లబ్బు వచ్చింది, అందరూ వాళ్ళే గెలుస్తారన్నారు.

ఇక మీకు తెలిసిన కాలానికి వచ్చేద్దాం. 2022 మార్చి 20న గోవా ఫతోర్డాలో హైదరాబాద్ ఎఫ్.సి. ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. కేరళ బ్లాస్టర్స్‌తో 1-1 అయితే, పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. ఆ గెలుపుతో వాళ్ళకి ఆసియా కప్పు గడప దాకా వెళ్ళే అర్హత వచ్చింది. మన దేశం నుంచి ఎవరు వెళ్ళాలో తేల్చే మ్యాచు 2023 మే 3న కోజికోడ్‌లో జరిగింది. ఎదురుగా మోహన్ బగాన్. 1950 డ్యూరాండ్ ఫైనల్లో సిటీ పోలీస్ ఓడించిన ఆ క్లబ్బే. ఈసారి 3-1తో వాళ్ళు గెలిచారు. మన క్లబ్బుకి ఆసియా ప్రయాణం మొదలుకాకుండానే ముగిసింది.

అదే ఏడాది ఫిబ్రవరి 16న తులసీదాస్ బలరాం పోయాడు. ఆగస్టు 15న, స్వాతంత్య్ర దినం నాడు, హైదరాబాదులో హబీబ్ పోయాడు. మే నెల మ్యాచుకి అటొకరూ ఇటొకరూ. 2025లో హైదరాబాద్ ఎఫ్.సి. కూడా ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. రహీం ఊరికి ఇవాళ దేశపు పెద్ద లీగులో జట్టు లేదు.

పెద్దోడా, నువ్వు హైదరాబాదులో చదువుతున్నావు. అక్కడ పాత పోలీసు జట్టులో ఆడినవాళ్ళూ, వాళ్ళ ఆట చూసినవాళ్ళూ ఇంకా కొందరుండొచ్చు, ముసలివాళ్ళైపోయి ఉంటారు. మీ స్నేహితులు ఇద్దరు ముగ్గురు కలిసి ఆదివారాలు వాళ్ళ ఇళ్ళకి వెళ్ళండి. ఏ మ్యాచు ఎట్లా గెలిచారో, రహీం సాబ్ ఏం నేర్పాడో వాళ్ళ మాటల్లోనే ఆ ఫోన్లో రికార్డు చేసి, తెలుగులో రాసి పెట్టండి. ఈ వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టండి.